గాల్లోకి లేచిన గూడ్స్‌పెట్టె

మావారు రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ ఫిట్టర్. ఈ రోజు ఆయన్ని గ్రహాంతరవాసుల సినిమాకి తీసుకెళ్లడం నా తప్పే. ఆకాశం నుంచి దిగిన యంత్రం ఒక గూడ్స్‌పెట్టెను చక్రాలతో సహా పైకెత్తగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఈయన మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయారు.

“అరే, డబ్బా చక్రాల మీద ఊరికే కూర్చునుంటాది. ఎత్తితే చక్రాలు పట్టాల మీదే ఉండిపోవాలి. రోజూ క్రేన్‌తో ఎత్తుతున్నాం కదా.”

“ఎత్తింది వేరే గ్రహంవాడు కదండీ.”

“ఎవడెత్తితే ఏంటి, వ్యాగన్ మనదే కదా.”

ఆ తర్వాత తెర మీద నగరాలన్నీ కాలిపోయాయి. నాకు ఒక్కటీ ఎక్కలేదు. మా రైల్వే క్వార్టర్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి తిరిగొస్తుంటే రైల్వే గేటు పడింది. ఆగి ఉన్న గూడ్స్‌బండి చక్రాలనే వంగి వంగి చూశాను.

సినిమాలో భూమి చివరికి మిగిలిందో లేదో, చూసినవాళ్లెవరైనా చెప్పండి.