మొక్కుపెట్ట కాలిదారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారడమంటే పెరట్లో గంప ఎత్తడమే. రాత్రి కోళ్ల మీద కమ్మిన పెద్ద గంపను నాయనమ్మ ఒక పక్కకు వంచగానే అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చి, రెక్కలు దులుపుకొని, నేను చల్లిన జొన్నల మీద పడేవి. నేను బడికి పోలేదు. అక్షరాలు అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి నేర్పింది, మిగతావి చాలావరకు ఆ పెరడే నేర్పింది. అప్పుడే పెట్టిన వెచ్చటి గుడ్డును చెంపకు ఆనించుకోవడం కన్నా గొప్ప సుఖం ఇంకొకటి ఉంటుందని అప్పుడు తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆ సుఖం ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

మాది గద్వాల పక్క పల్లె. అందరి కోళ్లూ అందరి పెరళ్లలో తిరిగేవి. ఏది ఎవరిదో తెలియడానికి పిల్లలుగా ఉన్నప్పుడే వాటి కాలికి గుడ్డపేలిక కట్టేవాళ్లం, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. పేలిక నానీ ఎండీ కొన్నాళ్లకు దానంతటదే ఊడిపోయేది, మళ్లీ కట్టేవాళ్లం. కానీ ఒక మచ్చల పెట్టకు మాత్రం అమ్మ పట్టుదారం కట్టింది. అంతకుముందు ఎండాకాలం మా తమ్ముడు తట్టు వచ్చి, కళ్లు తెరవకుండా పడి ఉన్నప్పుడు, వాడు లేస్తే ఒక పెట్టను పెంచి ఎల్లమ్మకు ఇస్తానని మొక్కుకుంది. వాడు లేచాడు. గద్వాలలో మగ్గం నేసే వాళ్లింట్లో మిగిలిన ఎర్ర పట్టుదారం అడిగి తెచ్చి, ఒక కోడిపిల్ల కాలికి మూడు ముళ్లు వేసింది. మొక్కు తీరేదాకా ఆ దారం తెగకూడదని, తెగితే మళ్లీ వాడి మీదికే వస్తుందని ఆమె భయం.

ఆ పెట్ట సరిగ్గా గుడ్డుకొచ్చే ఈడులో కనిపించకుండా పోయింది. పిల్లి ఎత్తుకుపోయిందేమోనని ఈకల కోసం గడ్డివాము చుట్టూ వెతికాం. ఒక్క ఈకా దొరకలేదు. మర్నాడు నేను గోడవారన ఉన్న రాయెక్కి చూస్తే, పక్కింటి అక్క పెరట్లో పట్టపగలు ఒక గంప బోర్లించి ఉంది. దాని మీద బరువుకు రాయి. గంప సందుల్లోంచి మచ్చల రెక్క, కాళ్లు కనిపించాయి, ఎర్రదారం మాత్రం లేదు. అక్క నన్ను చూసి గబుక్కున ఇంట్లోకి వెళ్లిపోయింది.

పక్కింటి అక్క పెనిమిటి పనులకు దూరదేశం పోయి ఉన్నాడు. ఆమె ఒక్కతే కూలికి పోయేది, ఆదివారం చర్చికి పోయేది. అప్పటిదాకా ఆమెను గురించి మా ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి మాత్రం ఆమె తలుపు వేసినా, తీసినా మాకు దొంగతనంలాగే కనిపించింది. అమ్మ మా పొయ్యి మీద పప్పు మాడుతున్నా పట్టించుకోకుండా, గోడ దగ్గర నిలబడి పక్కింటి పొయ్యి వాసన చూసింది.

"చూసినవా అత్తా? పెట్ట మనదే. కాలికి దారం లేదు. దొంగ గాకుంటే దారమెందుకు కోస్తది?"

"కోస్తుంటే నువ్వు చూసినవా?"

"చూసేదేంది, లేదు గదా! చర్చికి పోయేదానికి మన మొక్కు ఏం లెక్క? వాడంత పిలిచి అడుగుత."

"అడుగుదువు తియ్యి, నీ గొంతు యాడికి పోదు. జర పొద్దుగూకనియ్యి. కోళ్లు ఇల్లు చేరే యాళ్లకు గా గంప లేపిస్త. పెట్ట యాడికి పోతదో అదే చెప్తది."

సాయంత్రం నాయనమ్మ కొంగులో జొన్నలు పోసుకొని, నా చెయ్యి పట్టుకొని పక్కింటి పెరట్లోకి నడిచింది. మా కోళ్లు వెంట వచ్చాయి. అమ్మ గోడ అవతల నిలబడింది.

"ఏం బిడ్డా, గంప కింద ఏం దాచినవు? బంగారమా?"

అక్క ముఖం పాలిపోయింది. "ఏం లేదవ్వా... పెట్ట."

"ఇడువు మల్ల. వీట్ల కలిసి నాలుగు గింజలు తింటది."

"ఇయ్యాల వద్దవ్వా. రెండ్రోజులాగు, నేనే ఇడుస్త."

గోడ అవతల గాజులు గలగలమన్నాయి. నాయనమ్మ ముఖంలో అనుమానం నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఆమె రాయి దించి, గంప ఎత్తింది.

పెట్ట ఎటూ పోలేదు. లేచి, ఒక కాలు కింద మోపి, వెంటనే పైకి లాక్కొని, మళ్లీ కూలబడింది. ఆ కాలికి మందంగా పసుపు, నూనె పూసి ఉన్నాయి. నాయనమ్మ గొంతుక్కూర్చొని వేలితో ఆ పసుపు పక్కకు తుడిచింది. కాలి చుట్టూ కత్తితో గీసినట్టు లోతుగా గాటు. దానికి పైనా కిందా కండ వాచి ఎర్రగా ఉబ్బింది. కోడిపిల్ల కాలు లావయింది. పేలికైతే ఊడిపోయేది, పట్టుదారం ఊడలేదు, సాగలేదు, లోపలికి దిగింది.

అంతలో మా పెట్ట ఒకటి ఉరికొచ్చి సరిగ్గా ఆ ఎరుపు మీద పొడిచింది. అక్క దాన్ని అదిలించి గబగబా గంప కమ్మేసింది.

"గిందుకే కమ్మినవ్వా. ఎర్రగ కనవడ్తే పొడిచి పొడిచి సంపుతయి."

"దారమేది?"

అక్క లోపలికి వెళ్లి గోడగూట్లోంచి ఒక కాగితం మడత తెచ్చింది. అందులో ఎర్రదారం ఉంది. మూడు ముళ్లూ చెక్కుచెదరలేదు, వాటికి దూరంగా ఒకచోట కోసి ఉంది.

"మొక్కుదారమని ఎరుకే. కుంటుకుంట వచ్చి మా గడప కాడ పడ్డది. కొయ్యకుంటే కాలే పోతుండె. కోసినంక భయమైంది, వదినకు ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ముళ్లు మాత్రం ముట్టలే అవ్వా, చూడు."

అమ్మ ఎప్పుడు వచ్చిందో, మా వెనకే నిలబడి ఉంది. దారం చూసింది, గంప సందులోంచి ఆ కాలు చూసింది. "గంత గట్టిగ కట్టిననా?" అంది, ఎవరితోనో తెలియకుండా.

"కట్టినప్పుడు వదులే ఉంటది వదినా. అది పెరిగింది, గంతే."

"మల్ల మొక్కు?" అమ్మ కళ్లు మా ఇంటి వైపు, తమ్ముడు ఆడుకుంటున్న వాకిలి వైపు తిరిగాయి. "దారం తెగె, కాలు కుంటాయె. పిల్లగానికి ఏమన్న అయితే?"

"ఎల్లమ్మ నిన్ను పెట్టనడిగింది, దారమడిగిందా? దీని పిల్లల్ల మంచిదాన్ని ఒకదాన్ని ఇద్దాం. పిల్లగాన్ని నిలబెట్టిన తల్లి గంతమాత్రం ఆగదా?" అంది నాయనమ్మ.

అమ్మ ఇంట్లోకి పోయి, మా పసుపు డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టింది. క్షమించమని నోటితో అడిగిన గుర్తు లేదు. ఆ రాత్రే మా మిగతా కోళ్ల కాళ్ల పేలికలన్నీ విప్పేసింది.

తమ్ముడికి ఏమీ కాలేదు. మచ్చల పెట్ట పిల్లల్లో ఒకటి, కాలికి ఏ దారమూ లేకుండా, ఎల్లమ్మ దగ్గరికి వెళ్లింది. తల్లి మాత్రం కొంచెం కుంటుతూ చాలాకాలం మాతోనే ఉంది. పడుకోవడానికి మా ఇంటికొచ్చేది, గుడ్డు పెట్టడానికి అక్క ఇంటికి పోయేది. అక్క ఆ గుడ్డును వెచ్చగా ఉండగానే గోడ మీంచి నా చేతికి అందించేది. అన్నీ అందించిందో లేదో నాకు తెలియదు, ఎందుకంటే ఆ తర్వాత అమ్మ ఎన్నడూ లెక్క చూడలేదు.

ఇప్పుడు గద్వాలలో మా ఇంటి వెనక నాకూ నాలుగు కోళ్లున్నాయి. సాయంత్రం ఒకటి ఇల్లు చేరకపోతే నా కళ్లు ముందు పక్కింటి గోడ మీదికే పోతాయి, అబద్ధమెందుకు. అప్పుడు దేవుడి గూట్లో కుంకుమభరిణె పక్కనున్న కాగితం మడత గుర్తొస్తుంది. అమ్మ పోయాక అది నా దగ్గరికొచ్చింది. ఎరుపు వెలిసింది గాని, మూడు ముళ్లూ అట్లాగే ఉన్నాయి. పొద్దున దానికి దండం పెట్టుకొని పెరట్లోకి వెళతాను. గంప ఎత్తి, జొన్నలు చల్లకముందు, ఒక్కొక్కదాన్నీ ఒళ్లోకి తీసుకొని కాళ్లు తడిమి చూస్తాను.