పైలటమ్మ కోసం బిగించిన చిన్న ఇంజను

బల్లలూ కుర్చీలూ చేసే ఆ వడ్రంగికి బొమ్మ జెట్ విమానాల పిచ్చి. చేయడం అతని వంతు, రిమోట్ పట్టుకుని ఎగరేయడం భార్య వంతు. సిటీబస్సు నడిపే ఆవిడని, బొమ్మ విమానాలు ఎగరేసే మైదానంలో అందరూ పైలటమ్మ అనేవారు. కిరోసిన్‌తో నడిచే బుల్లి టర్బైన్ ఇంజన్లలో ఏ విమానానికి ఏది సరిపోతుందన్న దగ్గర ఇద్దరికీ ఎప్పుడూ కీచులాటే. "బరువుని తోసే బలం లేకపోతే అది విమానం కాదండీ, మీ కొట్లో పీట" అని వెక్కిరించేది.

ఆవిడకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఉద్యోగం పోయింది. వ్యాయామం చేయగా చేయగా వేళ్ళు కదిలాయి గానీ, చెప్పిన మాట ఆలస్యంగా వినేవి. ఆవిడ మాటలు తగ్గించేసింది. అది చూడలేక అతను కొత్త విమానం మొదలుపెట్టాడు. వేగంగా వెళ్తే ఆ చెయ్యి అందుకోలేదేమోనని భయపడి, ఉండాల్సినదానికంటే చిన్న ఇంజను బిగించాడు. ఆవిడకి చెప్పలేదు.

మైదానానికి తీసుకెళ్ళి రిమోట్ ఆవిడ చేతికిచ్చాడు. విమానం ఈసురోమంటూ లేచింది. ఎన్నాళ్ళకో ఆవిడ నవ్వింది. మలుపు తిప్పేసరికి వేగం పడిపోయి ముక్కు వాలింది. ఆవిడ వేగం పెంచే మీటని చివరిదాకా తోసింది. ఇంజను గొంతు చించుకుందే తప్ప విమానాన్ని పైకి లేపలేకపోయింది. విమానం కంచె అవతల నేలని గుద్దుకుని తునాతునకలైంది.

"నా పాడు చెయ్యే" అంది ఆవిడ.

"నీ చెయ్యి కాదే. ఇంజను చాల్లేదు. నేనే కావాలని చిన్నది పెట్టాను."

"ఊరుకోండి. నేనెంత వెక్కిరించినా, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇంజను తప్పు పెట్టారా మీరు? నన్ను ఊరడించడానికి అబద్ధాలెందుకు?"

శిథిలాల్లోంచి ఇంజను ఏరి తెచ్చి చూపిస్తే చూడకుండానే తల తిప్పేసుకుంది. కూతురు వచ్చి "నిజమేనమ్మా, నాన్న చిన్నదే పెట్టారు" అంటే, "నేర్పి పంపారా?" అంది.

ఆ రోజునుంచి వ్యాయామం మానేసింది. వేళ్ళు మళ్ళీ పిడికిలిలా ముడుచుకుపోయాయి. పొద్దున్నే అతను పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పుతాడు. వదలగానే ముడుచుకుంటాయి. "ఎందుకండీ శ్రమ" అంటుంది ఆవిడ. జాలిపడి చేసిన పనికి ఇంత శిక్ష ఉంటుందని అతను ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు నిజం చెప్పడం కూడా మానేశాడు. చెప్పిన ప్రతిసారీ అది ఆవిడకి ఇంకాస్త జాలిలాగే వినిపిస్తోంది.