సుమన్ గారికి నేను పంపిన మెయిల్

ఆడవాళ్ళకు న్యాయం చేయబోయి ఒక మనిషి ఎంత ఘోరం చేయగలడో తెలియాలంటే నన్నడగండి.

రాజమండ్రి నుంచి ఉద్యోగానికి కొత్తగా ఢిల్లీ వచ్చి జనక్‌పురిలో అద్దెకున్న రోజులవి. పైవాటా సరళ ఆంటీ ఏటా కొత్త నృత్యాల ప్రదర్శన పెట్టేవారు.

"చెమటోడ్చేది ఆడపిల్లలు, డ్యాన్స్ మాస్టర్ అని పేరు మాత్రం మగాడిది. ఈసారి ఒక్క ఆడమాస్టరైనా ఉండి తీరాలి శశీ! వీళ్ళకి మెయిల్ పెట్టు" అని జాబితా ఇచ్చారు.

రాజేశ్, మోహిత్, సుమన్. ముగ్గురూ మగాళ్ళే! మా ఊళ్ళో సుమన్ అంటే మీసాలున్నవాడే మరి. పెద్దావిడ పొరబడ్డారని జాలిపడి, సుమన్‌ని కొట్టేసి, ఆ కాగితం అడుగునే ఉన్న వెయిటింగ్ లిస్టులోని హర్‌ప్రీత్‌ని ఎక్కించాను. ప్రీత్ అంటే మన ప్రీతి లాంటి ఆడపేరే కదా! సుమన్‌కి మర్యాదగా రాశాను కూడా: "మహిళలకు అవకాశమివ్వడం కోసం మిమ్మల్ని తప్పిస్తున్నాం. సహకరించగలరు."

మర్నాడు ఫోను. "శశి దీదీ హై?" శశి అక్క ఉన్నారా అని.

"దీదీ కాదండీ, శశి నేనే" అన్నాను నా వచ్చీరాని హిందీలో. "మీరు?"

"సుమన్."

ఆడగొంతు! "సుమన్ గారి... మిసెస్సా?" అన్నాను. మునిగేవాడు రాయిని పట్టుకోవడమంటే ఇదే.

"ఆడవాళ్ళకి ఇవ్వడానికి నన్ను తీసేశారా భయ్యా?" అని నిలదీసిందావిడ. ఏడేళ్ళుగా ఆవిడ కూర్చిన నృత్యాలన్నీ ఎవరెవరి పేర్ల మీదో వెళ్ళాయట. సొంత పేరుతో ఇదే మొదటిదట. నాకు నిజంగా సిగ్గేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నేను న్యాయం చేస్తే ఉన్న ఒక్క ఆడమాస్టరూ పోయింది.

పరుగున పైకెళ్ళి ఆంటీకి చెబుతుండగానే గుమ్మంలో ఆరడుగుల సర్దార్జీ, తలపాగా, గడ్డం, చేతిలో లడ్డూల డబ్బా.

"నేను హర్‌ప్రీత్. థాంక్స్ చెబుదామని..."

ఆంటీ ఆయన్ని చూశారు, నన్ను చూశారు. "రండి బాబూ. శశీ, నీ ఆడమాస్టర్ గారికి కుర్చీ వెయ్యి!"

కథంతా విని ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "ఆ చాన్స్ సుమన్ దీదీదే. నన్ను ఆవిడ బృందంలో చేర్చుకుంటే చాలు."

చేర్చుకుంది. ప్రదర్శన రోజున వెనక వరుసలో హర్‌ప్రీత్ గెంతుతుంటే, మైకులో "నృత్య దర్శకురాలు సుమన్" అన్నారు. హాలంతా లేచి నిలబడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. మరుసటి ఏడాది ఆడమాస్టర్ల దరఖాస్తులు ఎన్నో వచ్చాయి. ఎన్నో నన్నడక్కండి, ఆ జాబితా ఆంటీ నా కంట పడనివ్వలేదు.

అందుకే లడ్డూల డబ్బా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో పేరు చూసి మనిషి ఆడో మగో తేల్చను.

ఇట్లు,
సుమన్ గారు ఇప్పటికీ పిలిచే పేరుతో,
శశి దీదీ