తగలని చేతికి వేసిన మార్కులు

నేను చెప్పే మాటల్లో సగం కోసేసి తీసుకోండని మా ఇంట్లోవాళ్ళు కొత్తవాళ్ళకు ముందే చెబుతారు. ఇది మాత్రం కోయకుండా తీసుకోవచ్చు. ఇందులో నేను గెలిచింది ఏమీ లేదు.

డెబ్భైల చివర్లో నేను తొమ్మిదో తరగతి. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. మా బడి మైదానం మీద ఇనుప ఖనిజం ధూళి పడీపడీ, తెల్ల నిక్కర్లన్నీ గేదెల్ని కడిగిన నీళ్ళలో ముంచి తీసినట్టుండేవి. ఆ ఏడాది మా డ్రిల్లు మాస్టారు ఏదో శిక్షణకు వెళ్ళి, కొత్త పుస్తకం ఒకటి పట్టుకుని వచ్చారు.

"ఒరేయ్, పరిగెత్తడమంటే కుక్క కూడా పరిగెడుతుంది. మనిషన్నవాడు ఆటలో ఎలా ఉంటాడో అది చూస్తాను. ఇకనుంచి సగం మార్కులు ఆటకి, సగం బుద్ధికి" అన్నారు.

బుద్ధిని ఆయన కబడ్డీలో కొలిచేవారు. ఈల వేసేవారు కాదు. కూతకొచ్చినవాడి చెయ్యి ఎవరికి తగిలితే వాళ్ళే చెయ్యెత్తి, గీత దాటి బయటికి నడవాలి. ఎత్తినవాడి పేరు పక్కన పుస్తకంలో ఒక గీత పడుతుంది. విజయనగరం పోటీలకు వెళ్ళే ఏడుగురిలో ఐదుగురు అప్పటికే ఖాయం. మిగిలిన ఇద్దరూ ఆ పుస్తకంలోంచే రావాలి.

నేను పెందుర్తి దాటి ఎరగను. అయినా విజయనగరం వెళుతున్నానని పోర్టు క్వార్టర్స్ మొత్తం చెప్పేశాను. అమ్మ నా బనియన్ వెనక నల్లదారంతో ఏడో నంబరు కుట్టేసింది.

పెందుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే రైతుల కుర్రాడొకడు నా ప్రాణస్నేహితుడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరికొకరం బావలం. నేను ఏం కోతలు కోసినా నోరు తెరుచుకుని వినేవాడు. ఉపాయం వాడిదే.

"బావా, రెండు సోట్లున్నాయి, మనం ఇద్దరం. నాను కూతకొచ్చినప్పుడు తగలకపోయినా నువ్వు సెయ్యెత్తు. నువ్వొచ్చినప్పుడు నానెత్తుతాను. ఒప్పుకున్నోడిని అబద్ధమని ఎవడంటాడు?"

"మాస్టారు కనిపెడితే?"

"ఏటి కనిపెడతాడు? నీకు తగిలిందో లేదో నీకే కదా తెలుసు!"

ఒట్టు పెట్టుకున్నాం. వారం రోజులు దివ్యంగా నడిచింది. ఒకసారి నేను ఆత్రంలో, వాడు పది అడుగుల దూరంలో ఉండగానే చెయ్యెత్తేశాను. పన్నెండని రాద్దామనుకున్నాను గానీ, కోయకుండా తీసుకోమన్నాను కదా. మాస్టారు ఎత్తిన చెయ్యి మాత్రమే చూసి మురిసిపోయి, పుస్తకంలో గీత కొంచెం పొడుగ్గా గీశారు.

శనివారం నాడు నన్ను ఆటసామాన్ల గదికి పిలిచారు. బల్లమీద పుస్తకం తెరిచి ఉంది.

"ఇన్నిసార్లు చెయ్యెత్తావు. అన్నీ తగిలినవేనా?"

"నిజమేనండి. ప్రమాణం చేసి చెబుతానండి."

"మీ బావ ఇందాక వచ్చి అంతా చెప్పాడు. ఉపాయం నీదట. వద్దంటే వినలేదట."

ఉపాయం వాడిదని అందామనుకున్నాను. కానీ అప్పుడే ప్రమాణం చేసిన నోరు నాది. నమ్మేదెవరు? ఎర్ర పెన్సిలుతో నా గీతలన్నీ ఒక్క వేటున కొట్టేశారు. "వాడు తప్పు ఒప్పుకున్నాడు. అదిరా బుద్ధంటే" అని వాడి పేరు పక్కన మార్కులు కలిపి, ఒక చోటు వాడికే ఇచ్చారు. ఏ రోజూ దొంగగా చెయ్యెత్తని ఇంకొకడికి రెండో చోటు దక్కింది.

ఇంటికెళ్ళి, పోటీల్లో నా వయసువాళ్ళను తీసుకోవడం లేదని చెప్పాను. అమ్మ ఏమీ అడక్కుండా బనియన్ మీది కుట్టు విప్పింది. దారం పోయినా సూది చిల్లుల్లో ఏడు కనబడుతూనే ఉండేది.

పోటీలనుంచి వచ్చాక వాడే నా దగ్గరికి వచ్చాడు. మొదటి ఆటలోనే ఓడిపోయారట.

"ఏటి బావా, అలా సూత్తన్నావ్?"

"ఎందుకు చెప్పావు?"

కాసేపు కాలివేలితో ఎర్రమట్టి గీకాడు. "నువ్వు ముందెళ్ళి సెప్పేత్తావని భయమేసింది బావా. నీకు మాటలొచ్చు. నువ్వెలా సెబితే అలాగే నమ్మేత్తారు. అందుకని నానే ముందెళ్ళిపోయాను."

నేను అబద్ధాలకోరునే. అప్పుడూ, ఇప్పుడూ. కానీ చాడీలు చెప్పేవాణ్ణి కాను. నా పక్కన కూచుని అన్నం తిన్నవాడికి ఆ తేడా తెలిసే ఉంటుందనుకున్నాను. మాస్టారు కొట్టేసిన మార్కులకు నాకు అర్హత లేదు, దాని గురించి ఏడవలేదు. వాడు మనసులో నాకు వేసుకున్న మార్కులు చూశాకే ఏడుపొచ్చింది.

డ్రిల్లులో ఎత్తు ప్రకారం వరస. మిగిలిన ఏడాదంతా వాడి పక్కనే నిలబడ్డాను. చేతులు చాచి దూరం సరిచూసుకోమని మాస్టారు అరిచినప్పుడు, అందరి వేళ్ళూ పక్కవాడి భుజానికి తగిలేవి. నేను మాత్రం మోచెయ్యి కొంచెం మడిచి, వాడి చొక్కాకి బెత్తెడు ఇవతలే ఆపేసేవాణ్ణి.