మరియమ్మ వండిన పుట్టగొడుగులు

పొద్దున మనవరాలు ప్యాకెట్ పుట్టగొడుగులూ ఉడికించిన బొబ్బర్లూ కలిపి వెల్లుల్లి తాలింపు వేసింది. ఆ వాసనకి తొంభై దాటిన నేను దెందులూరు దగ్గరి మా ఊళ్ళో ఏడేళ్ళ పిల్లనైపోయాను. నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, తొలకరికి పుట్టల మీద లేచే ఆ తెల్లటి గొడుగులు గుర్తున్నాయా?

మా పొలంలో కూలికొచ్చే మరియమ్మ అవి కోసుకొచ్చేది. పచ్చివైతే అమ్మ చేటలో పోయించుకునేది. చర్చి పక్క పేటలో ఆవిడ వండింది మాత్రం మేం ముట్టకూడదు.

ఒకరోజు నేనే పేటకి వెళ్ళి, ఆ కూర అడిగి బాదం ఆకులో పెట్టించుకుని తిన్నాను. ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి వాసన చూసింది.

"ఎక్కడ తిన్నావే?"

"మరియమ్మ బలవంతంగా పెట్టింది" అన్నాను.

అమ్మ ఆవిణ్ణి పిలిపించింది. మరియమ్మ పెరటి గుమ్మం బయట నిలబడి నా వైపు ఒక్కసారి చూసింది.

"అవునండి, నేనే పెట్టానండి. పాపగారినేం అనకండి."

ఆ ఏడు నాట్లకి ఆవిణ్ణి పిలవలేదు.

"బాగుందా అమ్మమ్మా?" అని మనవరాలు అడుగుతోంది. ఆ రోజు మరియమ్మా అలాగే అడిగింది. నేను ఇంకాస్త పెట్టమని ఖాళీ ఆకు ముందుకు చాపాను.