పచ్చి సున్నం గోడ

మా సంఘం టీచరమ్మ పోయింది. బుధవారం పొద్దున నేను సత్తెనపల్లిలో ఒక ఎరువుల కొట్టు షట్టరు మీద మిరపకాయ బొమ్మ వేస్తున్నాను. మా బావ ఫోను చేశాడు. ఆయనా నాలాగే రంగుల పనివాడు. "ఒరేయ్, పని ఆపు. టీచరమ్మ లేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందంట" అన్నాడు. నేను పని ఆపలేదు. ఆ కాయకు తొడిమ పెట్టి, కుంచె కడిగి, అప్పుడు నిచ్చెన దిగాను. సగం బొమ్మ వదిలేసి వెళ్తే ఆవిడే ముందు తిట్టేది. దిగాక మాత్రం ఎటు వెళ్లాలో తోచక నిచ్చెన పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆవిడ ఎవరో తెలియనివాళ్లకు చెబుతాను. గవర్నమెంటు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైంది. మేం బండ్లకు రంగులేసేవాళ్లం, శివరాత్రి తిరునాళ్లకు ఎత్తుగా కట్టే ప్రభలకు బొమ్మలేసేవాళ్లం, కొట్లకు బోర్డులు రాసేవాళ్లం. ఫ్లెక్సీలు వచ్చాక చెట్టుకొకరం పుట్టకొకరం అయిపోయాం. మమ్మల్ని ఊరూరా వెతికి, ఒకచోట కూర్చోబెట్టి సంఘం పెట్టింది. జీతం లేదు, భత్యం లేదు. మూతపడ్డ పత్తి మిల్లువాళ్లను అడిగి ఒక షెడ్డూ, రోడ్డువైపు పొడుగాటి ప్రహరీ గోడా తీసుకుంది. షెడ్డులో ఆదివారం మీటింగు, గోడ మీద మా బొమ్మలు. "పని కోసం మనం ఎవరి గుమ్మమూ తొక్కొద్దు. మన గోడ చూసి వాళ్లే రావాలి" అనేది. వచ్చారు కూడా.

ఆదివారం పొద్దున్నే ఫోను చేసేది. "పెద్దాయనా, వస్తున్నారుగా" అని, నేను ఊ అనేలోపే పెట్టేసేది. మీటింగులో ఎవరేం మాట్లాడుతున్నా గోళ్ల సందుల్లో ఎండిన రంగు గీక్కుంటూ కూర్చునేది. వినడం లేదేమో అనుకునేవాళ్లం. చివర్లో ఎవరి మాట వాళ్లకు పొల్లు పోకుండా అప్పజెప్పేది. బొమ్మ బాగుంటే ఒక్క మాటా అనదు. బాగోకపోతే "ఇంకోసారి చూద్దామా?" అంటుంది. ఆ మాటకి మీసాలున్నవాళ్లం కూడా జడిసేవాళ్లం.

నా దగ్గర నేల మీద కూర్చుని, బండి చక్రం మీద కుంచెతో తీగ లాగడం నేర్చుకుంది. "ఊపిరి బిగబట్టాలి టీచరమ్మా, గీత అయ్యేదాకా వదలకూడదు" అని చెప్పాను. "అందుకేనా మీరు పని చేస్తున్నంతసేపూ ఎవర్నీ తిట్టరు, అయ్యాక మొదలుపెడతారు!" అంది. నన్ను అంత మాట అని బతికిపోయింది ఆవిడొక్కతే.

పోయే రెండు రోజుల ముందే గోడ మొత్తానికి కొత్త సున్నం కొట్టించింది. ఆవిడ పోయాక వచ్చిన ఆదివారం షెడ్డులో అందరం చేరాం. పదకొండో రోజుకల్లా గోడ నడిమధ్యన ఆవిడ బొమ్మ వెయ్యాలన్నారు. ఎప్పుడూ కట్టే నీలం చీరలోనే వెయ్యాలన్నారు. అందరూ సరేనన్నారు. నేనొక్కణ్ణే వద్దన్నాను.

"సున్నం ఇంకా పచ్చిగా ఉంది. నెల ఆగాలి."

బావకి కోపం వచ్చింది. "పదకొండో రోజు వాళ్ల చుట్టాలందరూ వస్తారు. బోడి గోడ చూపిస్తామా?"

"చూపించండి."

"ఏరా, నీకేం వచ్చింది? పోయినసారంటే సున్నం లోడు చెడ్డది. ఈ లోడు టీచరమ్మే దగ్గరుండి పిడుగురాళ్ల నుంచి తెప్పించింది. వంక పెట్టడానికేముంది? నీకు ఆవిడ మీద పాత కోపం ఏదో ఉన్నట్టుంది."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. లేచి బయటికొచ్చి గోడ పొడుగునా అటూ ఇటూ తిరిగాను. పోయినసారి సంగతి నిజంగా తెలిసినవాళ్లం ఇద్దరమే. అందులో ఒకరు లేరు. నేను నోరు విప్పకపోతే వీళ్లు ఆవిడ బొమ్మను చేతులారా పాడుచేస్తారు. విప్పితే మూడేళ్లుగా కాపాడుకొచ్చిన నా పరువు పోతుంది.

అప్పుడూ ఇలాగే కొత్త సున్నం కొట్టారు. ఆ వారంలోనే ఒక ఊరి నుంచి ప్రభ పని మాట్లాడటానికి పెద్దమనుషులు వస్తున్నారు. వాళ్ల కంట ముందు నా శివుడే పడాలని నాకు ఆత్రం. టీచరమ్మ నెల ఆగమంది. "మీరు కుంచె పట్టకముందు నుంచీ గోడలెక్కుతున్నాను టీచరమ్మా" అన్నాను. ఆవిడ నవ్వి, "గోడకి మన వయసూ తెలీదు, మన తొందరా తెలీదు పెద్దాయనా" అంది. నేను వినలేదు. నిలువెత్తు శివుణ్ణి నీలంతో దించాను. పెద్దమనుషులు వచ్చేసరికి పచ్చి సున్నం ఆ నీలాన్ని తినేసింది. దేవుడు బురద రంగుకి తిరిగాడు.

"ఏరా, నీ శివుడికి కామెర్లొచ్చాయేంట్రా?" అని అందరిలో నవ్వింది ఈ బావే. టీచరమ్మ ముందుకొచ్చి, "సున్నం లోడు మంచిది రాలేదు. మా సంఘం చూసుకోవాల్సింది" అంది. అబద్ధం ఆడటం ఆవిడకి రాదు. అందుకే ఆ మాట అంటున్నప్పుడు గోళ్లకేసి చూసుకుంది. మర్నాడు గోకుడు రేకులు రెండు తెచ్చింది. ఇద్దరం ఆ బొమ్మను గీకేశాం. పొద్దంతా కలిపి ఆవిడ మాట్లాడింది ఒకటే. "ఈ పైన మీరు గీకండి, నాకు అందదు." అంతే. ఆ రోజే క్షమించమని అడగాల్సింది. అడగలేదు. పైగా టీ కొట్టు దగ్గర అందరితో కలిసి సున్నం బట్టీవాణ్ణి తిట్టాను. తిట్టగా తిట్టగా అదే నిజమని నాకూ అనిపించేది.

షెడ్డులోకి తిరిగి వెళ్లాను. కూర్చోలేదు.

"పోయినసారి సున్నం కూడా మంచిదే. టీచరమ్మ ఆగమంటే నేనాగలేదు. తప్పు నాది. నా పరువు కోసం ఆవిడ అబద్ధం ఆడింది" అన్నాను.

బావే ముందు అందుకున్నాడు. "మూడేళ్ల నుంచి ఆ బట్టీవాడి వంశాన్నంతా తిట్టాం గదరా!"

"నేనూ తిట్టాను."

"నువ్వు తెలిసి తిట్టావు. మేం తెలీక తిట్టాం."

ఆ మీటింగులో గోడను నెల రోజులు ముట్టుకోకూడదని అనుకున్నారు. బావ మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. తిప్పుకోనీ. నాకే ఇంట్లో కాలు నిలవడం లేదు. రోజుకి మూడుసార్లు వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించి చూస్తున్నాను. చల్లగా తగులుతుంది. ఇంకా పచ్చే. చెప్పాల్సిన మనిషికి చెప్పకుండా పదిమందికి చెప్పుకుంటే ఏం లాభమని తిరిగి వస్తుంటాను. గంట గడవకముందే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక టీచరమ్మ భర్త గోడ చూస్తానని వచ్చారు. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. సంఘం గొడవల్లోకి ఎప్పుడూ రాలేదు. ఆ తెల్లటి గోడ ఎండకి కళ్లు చెదిరేలా ఉంది. నేను దాచలేదు.

"మావాళ్లు ఈపాటికి అమ్మగారి బొమ్మ వేసేవాళ్లండీ. నేనే ఆపాను. సున్నం ఎండలేదు. నెల పడుతుంది" అన్నాను.

ఆయన గోడకేసి చూశారు.

"ఆగండి. తొందరేముంది? ఆవిడ ఇక ఎక్కడికి వెళుతుంది" అన్నారు.

రోడ్డు మీద మిరపకాయ బస్తాల లారీ ఒకటి పోయింది. ఆ ఘాటుకి అందరం తుమ్మాం. ఆయన తుమ్మలేదు. ఆ గోడకి భుజం ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. గోడకి ఆనుకోవద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కదిలి వెళుతుంటే చొక్కా భుజమంతా తెల్లగా ఉంది. దులుపుకోమని మాలో ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ భుజంతోనే రోడ్డు దాటి, జనంలో కలిసి వెళ్లిపోయారు.