కుడివైపు పట్టీ

"తమ్ముడూ, కింద పట్టీ పోయింది."

ఉదయం ఆరున్నరకు నోట్లో బ్రష్షుతో ఫోనెత్తితే వినిపించిన మాట ఇది. హలో లేదు, లేచావా అనడం లేదు. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. నాకు ఫోన్ చేసేవాళ్ళంతా ఏదో ఒకటి పోయిందనే చేస్తారు కాబట్టి అది కొత్త కాదు. కానీ ఈ అక్కకు పోయినన్ని వస్తువులు లోకంలో ఎవరికీ పోలేదు. సోమవారం తెరమీద బొమ్మలు పోయాయి. మంగళవారం అక్షరాలు ఎంత పెద్దవయ్యాయంటే, వాటిని తగ్గించే బటన్ కూడా తెర దాటి బయటికి పోయింది. ఇవాళ బుధవారం.

"పోలేదక్కా, దాక్కుంది. మౌస్ బాణాన్ని తెర అడుగుకి తీసుకెళ్ళి ఆపు."

అవతల మౌస్ బల్లమీద రాసుకున్న చప్పుడైంది. "వచ్చింది. ఎందుకు దాక్కుంది?"

"నువ్వే దాక్కోమన్నావు. ఎక్కడో టిక్కు పెట్టుంటావు."

"ఉండు, రాసుకుంటాను," అని నన్ను అలాగే నురగతో నిలబెట్టి, పెన్ను వెతుక్కోవడానికి వెళ్ళింది.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా వీధి చివర ఒక చిన్న ప్రెస్సు ఉంది. పరీక్ష పేపర్లు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు వేస్తారు. ముందు గదిలో ఆవిడ భర్త కంప్యూటరు మీద పేజీలు పెడతారు. ఆయన్ని వీధంతా పేజీల మాస్టారు అంటుంది. వెనక గదిలో అక్క కాగితం కోస్తుంది, మడుస్తుంది, కుడుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ కంప్యూటరు ముట్టుకోలేదు, ఆయన కటింగ్ మిషను ముట్టుకోలేదు. ఇద్దరూ రోజంతా గోడకవతలా ఇవతలా ఉండి కేకలేసుకుంటూ బతికారు. ఆ కేకలు వింటూ నేను నా షాపులో పని చేసుకునేవాణ్ణి.

ఎనిమిది నెలల కింద మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయి, తర్వాత ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తారు. అయితే పేపరిస్తే రెండు మాటలు చదివి పక్కన పడేస్తారు. కంచంలో సగం తిని లేచిపోతారు. తలుపు గుమ్మానికి భుజం కొట్టుకుంటారు. ఇంట్లో ఎవరు మాట్లాడినా ఎటో చూస్తుంటారు. "మనిషి మనలో లేడు" అనేశారు చుట్టాలు.

పులి మీద పుట్రలా, మూతపడిన షాపులో పాత కంప్యూటరు కూడా మూలపడింది. దాని వయసుకి కొత్త సాఫ్ట్‌వేర్లేవీ ఎక్కవు. అందుకని విండోస్ బదులు, లినక్స్ అని తేలికపాటిది ఒకటి ఎక్కించి ఇచ్చాను. నిజం చెప్పాలంటే ఆ పని త్వరగా వదిలించుకోవాలని ఎక్కించాను. తెర మూలన ఒక ఎలుక బొమ్మ, నాలుగు గుర్తులు, మిగతాదంతా ఖాళీ. అక్క దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఇది ఆయన కంప్యూటర్‌లా లేదు తమ్ముడూ."

"నీకెలా కావాలంటే అలా మార్చుకోవచ్చక్కా. ఇందులో అన్నీ మార్చుకోవచ్చు," అన్నాను, వాళ్ళ గడప దిగుతూ. ఆ మాట అన్నందుకు తర్వాత నెలరోజులు నా తలప్రాణం తోకకొచ్చింది.

ఎందుకంటే అక్క ఆ మాటను నమ్మింది. నమ్మక తప్పని పరిస్థితి ఆవిడది. మాస్టారి అక్కగారు పక్క ఊళ్ళో ఉంటారు. చెడ్డమనిషి కాదు. అదే చిక్కు, చెడ్డమనిషైతే పోట్లాడొచ్చు. ఆవిడ వచ్చి, తమ్ముణ్ణి చూసి, కళ్ళు తుడుచుకుని, ఒక గడువు పెట్టి వెళ్ళారు. "నెలాఖరు సోమవారం వస్తాను. ఈలోగా వాడు ఒక్క పేజీ చేసినా నేను నోరెత్తను. లేదంటే షాపు ఆ జిరాక్స్ కొట్టాయనకి అప్పజెప్పేద్దాం. ఇద్దరూ మా ఇంటికి వచ్చెయ్యండి."

"షాపు పోతే పోనీ," అంది అక్క నాతో. "ఆయన లోపల ఉన్నారో లేరో నాకు తెలియాలి. పేజీ ముందు కూర్చుంటే తెలుస్తుంది. మనుషుల్ని మర్చిపోతారేమో గానీ పేజీని మర్చిపోరు."

ఆ భయంతోనే నేర్చుకుంది. పుస్తకం విప్పి కుట్టేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. కాగితాలు విడదీసేముందే ప్రతిదాని మీదా పెన్సిలుతో నెంబరు వేస్తారు. లేకపోతే తిరిగి కూర్చేటప్పుడు కథ కంచికి పోదు. అక్క కంప్యూటర్‌నీ అలాగే విప్పింది. ఒక నోటుపుస్తకం పెట్టి, మార్పుకో నెంబరు, ముందెలా ఉంది, తర్వాతెలా ఉంది అని రాసింది. ఒకటో నెంబరు, అక్షరాల సైజు. నాలుగు, తెర వెనక రంగు. మాస్టారి బల్లమీద పరిచే కటింగ్ మ్యాట్ ఆకుపచ్చది కాబట్టి తెరకి కూడా అదే ఆకుపచ్చ కావాలి. దానికి దగ్గరగా ఉందని నేనిచ్చిన ఆకుపచ్చను మూడుసార్లు వెనక్కి పంపింది. పదకొండు, మౌస్ బటన్లు ఎడంచేతికి తగ్గట్టు మార్చడం. పందొమ్మిదో నెంబరు దగ్గర ఏం చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు, తెరమీది విండోలన్నింటికీ తలకాయలు పోయాయి, మూయడానికి గుర్తు లేదు, జరపడానికి అంచు లేదు. ఆ రోజు ఫోన్లో ఏడ్చింది. "నేను పాడుచేసేశాను. ఆయన వస్తువుని నేను పాడుచేసేశాను," అంటూ.

"పాడవ్వదక్కా. నీ పుస్తకం చూసి పద్దెనిమిదికి వెళ్ళు."

వెళ్ళింది. తలకాయలొచ్చాయి. నేను విసుక్కుంటూనే ఉన్నాను గానీ, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళెవరూ అంత శ్రద్ధగా రాసుకోలేదు.

ముప్పై ఒకటో నెంబరు పట్టీ. తెర అడుగున గుర్తులుండే పట్టీని అక్క పీకి, కుడివైపు నిలువుగా పెట్టింది. వెడల్పు పెంచి, గుర్తుల్ని బొటనవేలంత చేసింది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేరు, మాస్టారి పాత పనుల ఫోల్డరు, ప్రింటరు, గడియారం, అన్నీ అందులోనే. ఎడమవైపు నలుసు కూడా ఉంచలేదు.

"కింద ఉంటే ఏం?" అని అడిగాను.

"ఆయన పద్ధతి అది. పని కుడినుంచి రావాలి, ఎడమకి పోవాలి. స్కేలు, పెన్సిలు, చెయ్యాల్సిన కాగితాలు, అన్నీ కుడివైపు. ఎడంవైపు ఖాళీ. పూర్తయింది మాత్రమే అక్కడ పెట్టాలి. నేను పెళ్ళైన కొత్తలో టీగ్లాసు ఎడంవైపు పెట్టి తిట్లు తిన్నాను. అప్పట్నుంచి నేను కూడా కుడివైపే."

అది నిజమే. ఇప్పుడు కూడా ఆవిడ స్టూలు వేసుకుని ఆయనకి కుడివైపే కూర్చునేది.

మాస్టారిని తెచ్చి కూర్చోబెట్టింది గడువుకి నాలుగు రోజుల ముందు, గురువారం. ఎడంచెయ్యి మౌస్ మీద పెట్టారు. ఆకుపచ్చ తెరను చూశారు. చాలాసేపు చూశారు. అక్క "ఇదిగో, మీ ఫోల్డరు, ఇక్కడ," అని పట్టీవైపు వేలు చూపించింది. ఆయన వేలును చూడలేదు, పట్టీని చూడలేదు. ఖాళీగా ఉన్న ఎడమవైపే చూస్తూ, బాణాన్ని అక్కడే అటూ ఇటూ తిప్పి, లేచిపోయారు. శుక్రవారం కూడా అంతే. అక్కకి అన్నం దిగలేదు. గుర్తులు చిన్నవయ్యాయేమోనని ఇంకా పెంచింది. రంగు కంటికి ఆనలేదేమోనని పట్టీని ఎర్రగా చేసింది. శనివారం నేను వెళ్ళి, మాస్టారి కుర్చీకి కుడిపక్క నిలబడి అంతా చూశాను. ఎదురుగా నిప్పులాంటి ఎర్ర పట్టీ. ఆయన దానివైపు కన్నెత్తలేదు. నాకు కోపం, జాలి రెండూ వచ్చాయి.

"ఇక లాభం లేదక్కా," అన్నాను. "నువ్వెన్ని మార్చినా చూసే మనిషి ఉండాలిగా."

ఆయన అక్కడే ఉన్నారు. అయినా అనేశాను. కుర్చీ బల్లా వింటాయని ఎవరైనా అనుకుంటారా, అలా అన్నాను. అక్క నోటుపుస్తకం మూసింది.

ఆదివారం ఉదయం మళ్ళీ ఫోను. "పట్టీ కదిలిపోయింది. ఇంకొంచెం వెడల్పు చేద్దామని అది కదలకుండా పట్టి ఉంచే తాళం టిక్కు తీశాను. చెయ్యి జారి ఎడమవైపు పోయి అతుక్కుంది. రేపు పొద్దున్నే వదినొస్తుంది. నువ్వు రా."

వెళ్ళేసరికి అక్క గుమ్మంలో ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆఖరి రోజున కూడా పాడుచేశానని తనని తాను తిట్టుకుంటోంది, మధ్యలో ఇలాంటి దిక్కుమాలిన కంప్యూటరు అంటగట్టానని నన్నూ తిడుతోంది. నేను కూడా ఊరుకోలేదు, ముట్టుకోకుండా ఉంచితే ఏం పోయేదని అన్నాను. మేమిద్దరం గుమ్మంలో వాదించుకుంటుంటే లోపల టక్కుమని మౌస్ చప్పుడైంది.

మాస్టారు తనంతట తాను వెళ్ళి కూర్చున్నారు. ఎడమ అంచున ఉన్న పట్టీలో పాత పనుల ఫోల్డరు తెరిచారు. అందులో పేర్ల వరుస చూస్తున్నారు. ఒకదాని మీద ఆగారు. మళ్ళీ టక్కుమంది. ఒక పాత పరీక్ష పేపరు తెరుచుకుంది.

అక్క నా మోచెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. రిపేరు చేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది, చెదిరినదాన్ని ముందెలా ఉందో అలా పెట్టేదాకా చెయ్యి ఊరుకోదు. "చూశావా, పని చేస్తున్నారు. ఇక పట్టీని దాని చోట పెట్టేస్తాను," అని వెళ్ళి, ముప్పై ఒకటో నెంబరు ప్రకారం పట్టీని కుడివైపుకి జరిపేశాను.

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. పట్టీ అంతకుముందు ఉన్నచోట బాణాన్ని తిప్పి, తిప్పి, వెతికారు. ఎడమవైపు. అక్కడ ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. ఆయన మొహంలో గురువారం నాటి చూపే మళ్ళీ వచ్చింది.

"జరుపు," అంది అక్క. "ఎడమకి జరుపు."

జరిపాను. చెయ్యి కదిలింది.

అక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా, నాతో కాదు, తనలో తాను చెప్పుకున్నట్టు, "కంచంలో కూడా కుడి సగమే వదిలేస్తారు," అంది. "గుమ్మానికి కొట్టుకునేదీ కుడిభుజమే. పేపర్లో చదివేదీ మొదటి రెండు మాటలే." అంతవరకు చెప్పి స్టూలు ఎత్తుకుని, కుర్చీ వెనకనుంచి చుట్టూ తిరిగి, ఆయనకి ఎడంవైపు వేసుకుని కూర్చుంది. మాస్టారు తల తిప్పి ఆవిణ్ణి చూశారు. పేపర్లో మూడో ప్రశ్న మీద వేలు పెట్టి, "తప్పు," అన్నారు.

డాక్టరు తర్వాత పరీక్ష చేసి చెప్పింది కూడా ఇదే. కళ్ళు బాగానే ఉన్నాయట, మెదడుకి కుడి సగం అందడం లేదట. ఆ సంగతి రోగికే తెలియదట. మాట సరిగ్గా లేని మనిషి ఇంకేం చెప్పగలడు? ఆయన పద్ధతి తప్పకుండా అక్క నెలరోజులు పడ్డ కష్టమంతా, ఆయనకి లేని వైపే పెట్టింది.

సోమవారం పెద్దావిడ వచ్చారు. నేను పని ఉన్నట్టు నటిస్తూ అక్కడే ఉన్నాను. మాస్టారు చేసిన పేజీని అక్క చూపించింది. ఒక పరీక్ష పేపరు, ప్రశ్నలన్నీ కాగితానికి ఎడమ సగంలోనే సన్నగా దిగి ఉన్నాయి. కుడి సగం తెల్లగా ఉంది. మూడో ప్రశ్న దిద్ది ఉంది.

"సగమేగా చేశాడు," అన్నారు పెద్దావిడ. తమ్ముడికి కుడిపక్క కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళొత్తుకున్నారు. గోడకి తగిలించిన షాపు తాళాల గుత్తి తీసి తన ముందు బల్లమీద పెట్టుకున్నారు. "నా మాట విను అమ్మాయ్. వీడికేం తెలుస్తుంది? నేనొచ్చి ఇంతసేపైంది, నావైపు చూశాడా? నేనెవరో కూడా తెలియదు వీడికి."

"ఇటు వచ్చి కూర్చోండి వదినా," అంది అక్క.

"ఎక్కడ కూర్చుంటే ఏముంది?"

"ఒక్కసారి రండి."

వచ్చారు, విసుగ్గానే. అక్క తన స్టూలు ఖాళీచేసి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. మాస్టారు తెరమీంచి చూపు తిప్పి చూశారు. మొహం విప్పారింది.

"అక్కా," అన్నారు. కాసేపు మాటకోసం వెతుక్కుని, "ఎప్పుడు... వచ్చావ్?"

పెద్దావిడ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చారు. తాళాలు తీసి అక్క చేతిలో పెట్టారు. నేను అక్కణ్ణుంచి జారుకుందామనుకున్నాను. జారుకోవాలంటే మాస్టారి ఎడమపక్కనుంచే వెళ్ళాలి.

ఆయన నన్ను చూశారు. ఆపమన్నట్టు చెయ్యెత్తారు.

"లాభం," అన్నారు. మిగతా మాట రావడానికి చాలాసేపు పట్టింది. నేను వెళ్ళలేక, విననట్టు నటించలేక నిలబడే ఉన్నాను. "లేదన్నావ్."

ఆయన తెరవైపు తిరిగి, పట్టీలో గడియారం మీద వేలు పెట్టారు. అది పది నిమిషాలు వెనక ఉంది. నేను ఎక్కించిన రోజునుంచీ అలాగే ఉంది, ఎవరూ చూడలేదు. నేను వంగి సరిచేశాను.